బుజ్జక్క గొంతూ, నేను నొక్కిన ఎర్ర బటనూ

బానోతు బుజ్జక్క గొంతు మైకుకు పట్టదన్న సంగతి జనగామ నుంచి భూపాలపల్లి దాకా పాటతో పరిచయమున్న వాళ్లందరికీ తెలుసు. ఆ సంగతిని పుట్టించింది నేనే. అది పచ్చి అబద్ధమన్న ముక్క మాత్రం పన్నెండేళ్లకు పైగా కడుపులో దాచుకున్నాను. ఇప్పుడు కక్కేస్తున్నాను. ఒక గదిలో నలుగురం కూర్చుని ఇంత పెద్ద నాశనం ఎలా చేయగలిగామో చదవండి. నవ్వండి, తిట్టండి. రెండూ చేసేవాళ్లు ముందు తిట్టేసి తర్వాత నవ్వితే నాకు కొంచెం తేలిగ్గా ఉంటుంది.

తెలంగాణ ఉద్యమం రోజులవి. ఏ రోడ్డు మీద ఏ పొయ్యి వెలుగుతుందో, ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో డ్రైవర్లకే తెలిసేది కాదు. జనగామలో మేం ముగ్గురం సంగీతం డిప్లొమా చదువుతున్నాం. యాకూబ్ తబలా, జఫర్‌గఢ్ నుంచి వచ్చే స్వరూప వయొలిన్, నేను గాత్రం. ముగ్గురిలో నేనే పెద్దవాణ్ని. రెండో సంవత్సరం మీద నాకు ప్రేమ ఎక్కువై దాన్ని రెండుసార్లు చదివాను. కాబట్టి నాయకత్వం నాదే.

ఎక్కడో చదివి 'పాడ్‌కాస్ట్' అనే మాటను పట్టుకొచ్చాను.

"రేడియో అసోంటిదే. కని మనమే పెట్టుకోవచ్చు. ఎవల్నీ అడుగుడు లేదు" అన్నాను.

"ఇనేటోళ్లు ఎవరు యార్?" అన్నాడు యాకూబ్.

"ఇంటర్నెట్‌ల పెడతం. అది లేనోళ్లకు మొబైల్ షాపుల మెమరీ కార్డుల ఎక్కిపిస్తం. ఆడికెల్లి ఫోను ఫోనుకు అదే పోతది."

దానికి 'కొత్త గొంతు' అని పేరు పెట్టాం. ఊళ్లలో అద్భుతంగా పాడుతూ ఊరు దాటని వాళ్లను తెచ్చి లోకానికి వినిపించాలి. మొదటి గొంతుగా బుజ్జక్కను ఎంచుకున్నాం. పెద్దవంగర దగ్గరి తండా ఆమెది. పత్తి ఏరుతూ ఆమె పాట ఎత్తుకుంటే పక్క చేనులో వాళ్లు కూడా చేతులు ఆపేస్తారని చెప్పుకునేవారు. తండా భాషలోనూ తెలుగులోనూ పాటలు ఆమే కట్టేది.

భూపాలపల్లిలో ఉద్యమ పాటల ధూంధాం బృందం నడిపే ఐలన్నకు ఫోన్ చేశాం. "పాట పంపుండ్రి. మంచిగుంటే ఈ ఆదివారం మా స్టేజి మీద పాడిపిస్త" అన్నాడు. ఆ మాట చెబితే బుజ్జక్క అంది, "నేనెన్నడు మైకుల పాడలే తమ్మీ. నా పాట దూరం పోయి ఎట్ల ఇనవడతదో ఒక్కపారి చూడాలె."

అనుకున్న రోజున ఆమె రాస్తారోకోను తప్పించుకుంటూ ఒక ఆటోలో పాలకుర్తికీ, ఇంకో ఆటోలో జనగామకూ వచ్చింది. మా స్టూడియో యాకూబ్ వాళ్ల నాయన టైలర్ షాపు మీది గది. చప్పుడు రాకుండా గోడలకు బొంతలు కట్టాం, కిటికీలు మూశాం, ఫ్యాను ఆపాం. నడి ఎండాకాలం. గది ఇడ్లీపాత్ర అయింది. లోపల నాలుగు ఇడ్లీలం కూర్చున్నాం.

రికార్డర్ యాకూబ్ వాళ్ల బావది. హైదరాబాదు నుంచి ఒక్కరోజుకని యాకూబ్ తెప్పించాడు. సాయంత్రం బస్సుకు తిరిగి పోవాలి. దాంతో పాటు ఎలా వాడాలో చెప్పే కాగితం కూడా వచ్చింది.

"జర గా కాగితం చదువు భయ్" అన్నాడు యాకూబ్.

"డెబ్బై రెండు మేళకర్త రాగాలు నోటికొచ్చినోనికి ఒక్క బటన్ లెక్కనా?" అన్నాను. నిజానికి నాకు నోటికొచ్చినవి పదకొండు.

ఎర్ర బటన్ నొక్కాను. ఎర్ర దీపం మిణుకు మిణుకుమంది. గొంతు సవరించుకుని, ఆకాశవాణిలో పుట్టి పెరిగినవాడిలా మొదలుపెట్టాను. "శ్రోతలందరికీ హృదయపూర్వక నమస్సులు. ఇప్పుడు మీరు ఆలకించబోతున్నది..."

బుజ్జక్క పాడింది. యాకూబ్ తబలా మీద చేయి వేసి వాయించడం మరిచిపోయాడు. స్వరూప కళ్లు తుడుచుకుంది. చెమట అనుకున్నాను, కాదట. పాట అయ్యాక మళ్లీ బటన్ నొక్కాను. దీపం మిణుకుమనడం మాని ఎర్రగా నిలిచింది. హైదరాబాదు చౌరస్తాలో ఎర్ర దీపం నిలిచి వెలిగితే ఏమిటి అర్థం? ఆగమని. ఆగింది కదా అనుకున్నాను. నా జ్ఞానానికి నేనే తల ఊపుకున్నాను.

"ఫ్యాన్ ఎయ్యి తమ్మీ, పాణం పోతాంది" అంది బుజ్జక్క. వేశాం. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఇందాక మాట్లాడింది నువ్వేనా? ఎవలన్న చుట్టాన్ని బొంత ఎనుక దాసిపెట్టినవా?"

"రేడియోల గట్లనే మాట్లాడాలె అక్కా."

"మన రాష్ట్రం మనకు గావాలె అనుకుంట నోరు ఎవలికి కిరాయికిచ్చినవురా?"

యాకూబ్ తబలా మీద పడి నవ్వాడు. నవ్వేవాళ్లు దొరికితే బుజ్జక్క ఆగే మనిషి కాదు. రోడ్డు మీద వంటావార్పు నాటి కథ ఎత్తుకుంది.

"ఎస్సై వచ్చి లెవ్వుండ్రి అన్నడు. లేస్తం సారూ, కని అన్నం పలుకు మీదున్నది, ఉడికినాక లేపు అన్న. ఏం జేస్తడు, నిలవడ్డడు. నిలవడ్డోడు ఊకె ఎందుకని గంటె ఇచ్చి, పప్పుల ఉప్పు సూడు సారూ అన్న. సూసిండు. జర తక్కువున్నది అన్నడు. గంతే, ఉద్యమంల కలిసినట్టే."

మళ్లీ బటన్, మళ్లీ మిణుకు, మళ్లీ పాట. మళ్లీ బటన్, నిలిచిన దీపం, ఫ్యాను, కబుర్లు. ఇలా నాలుగు పాటలు.

సాయంత్రం బుజ్జక్కను ఆటో ఎక్కించి, నెట్ సెంటర్లో ఫైలు కంప్యూటర్‌లోకి ఎక్కించి రికార్డర్‌ను బస్సుకు పంపేశాం. మిగతా ఇద్దరూ చాయ్‌కి దిగారు. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని, నా నమస్సులు వినడానికి కళ్లు మూసుకున్నాను.

"ఫ్యాన్ ఎయ్యి తమ్మీ, పాణం పోతాంది."

ముందుకు జరిపాను. ఎస్సై, ఉప్పు. ఇంకా జరిపాను. బొంతలు ఎవరు కుట్టారన్న చర్చ. చివరిదాకా జరిపాను. నాలుగు పాటల్లో ఒక్క చరణం లేదు. అప్పుడు యాకూబ్ వదిలేసి వెళ్లిన కాగితం విప్పాను. దీపం మిణుకుమంటే 'సిద్ధంగా ఉన్నాను, ఇంకోసారి నొక్కు' అని అర్థమట. నిలిచి వెలిగితేనే రికార్డు అవుతున్నట్టట. అంటే పాడినంతసేపూ ఆపి, ఆపాననుకున్నప్పుడల్లా రికార్డు చేశాను. కాగితాన్ని మడిచి మడిచి గోరంత చేసి జేబులో పెట్టుకున్నాను.

స్వరూప లోపలికి వచ్చింది. "పాటలు ఎట్లొచ్చినయి?"

అప్పుడు 'నాకు బటన్ నొక్కరాలేదు' అని ఉంటే ఈ కథ అక్కడే అయిపోయేది. పొద్దుటి మేళకర్తలు గొంతుకు అడ్డం పడ్డాయి.

"రాలేదు స్వరూపా. ఒట్టి మాటలే పడ్డయి. ఆమె గొంతు మైకుకు పట్టలే. ఫ్రీక్వెన్సీ తేడా. కొన్ని గొంతులు బయట మంచిగుంటయి, మైకుల పడయి."

"మరి మాటలు ఎట్ల పడ్డయి?"

"మాట వేరు, పాట వేరు."

అంత గంభీరంగా చెప్పాక ఎవరు కాదంటారు? రికార్డర్ వెళ్లిపోయింది, మర్నాడు బంద్, మళ్లీ పాడించే వీలు లేదు. స్వరూప ఆ కబుర్లు విని కుర్చీలో మెలికలు తిరిగి నవ్వింది. "ఇవే పెడదాం" అంది. నన్ను ఉతికి ఆరేసిన ముక్క తీసేద్దామన్నాను. "గదే అసలు ముక్క" అన్నాడు యాకూబ్.

ఇంటర్నెట్‌లో ఎంతమంది విన్నారో తెలియదు కానీ, ఫోను ఫోనుకూ పాకింది. రెండు రోజుల్లో పాలకుర్తి ఆటోల్లో ఎస్సై, ఉప్పు. జనగామలో ముక్కూమొహం తెలియనివాళ్లు నన్ను చూసి "నోరు కిరాయి వాపస్ వచ్చిందా అన్నా?" అని పలకరించారు. ఐలన్న ఫోన్ చేశాడు. "ఆ మాట్లాడే అక్కను పంపుండ్రి. పాటకు పాటకు నడుమ జనాన్ని పట్టుకునేటోళ్లు మాకు లేరు."

ఆ సంగతి చెప్పడానికి బుజ్జక్కకు ఫోన్ చేశాను.

"మరి నా పాట ఏమాయె తమ్మీ?"

"నీ గొంతు మైకుకు పట్టది అక్కా. మాట మంచిగ పడ్డది."

ఫోను ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకున్న చప్పుడు వినబడింది.

"అట్లనా," అంది. "సదువుకున్నోనివి, నీకు ఎరికే గద."

ఆమె భూపాలపల్లి వెళ్లింది. జనాన్ని నవ్వించి పడేసింది. రాష్ట్రం వచ్చింది. సభలూ జాతరలూ వచ్చాయి. అన్నింట్లో బుజ్జక్క మాట్లాడింది. ఎక్కడా పాడలేదు. పాడమన్నవాళ్లందరికీ నేను చెప్పిన మాటే చెప్పేది. నేను సంగీతం సారునయ్యాను.

మొన్న పాలకుర్తిలో ఒక సభకు వెళ్లాను. స్టేజి వెనక ఆడవాళ్ల మధ్య కూర్చుని బుజ్జక్క పాడుతోంది. గొంతు కొంచెం బొంగురుపోయింది, అంతే. ఎవరో పిల్ల మైకు తెచ్చి, ఇందులో పాడమని ఇవ్వబోయింది. ఆమె దాన్ని నిప్పులాగా పక్కకు నెట్టింది. "నా గొంతు దాన్ల పడది బిడ్డా. సంగీతం సారే చెప్పిండు" అని నవ్వుతూ నన్ను చూపించింది.

ఆమెను పక్కకు పిలిచి మొత్తం చెప్పాను. కళ్లనీళ్లు పెట్టుకుంటుందనుకున్నాను. ఆమె లెక్కలోకి దిగింది.

"పాటోళ్లు ఐదు నిమిషాలు పాడి పోయి కూసుండి చాయ్ తాగిరి. నేను పొద్దంత నిలవడి మాట్లాడితి. నీ బటన్ జెయ్యంగ నా మోకాళ్లు పోయినయి కదరా."

"తప్పయింది అక్కా."

"నా చెవుల చెప్తే ఎట్ల? గా మాట నలుగురిల పాకింది. నలుగురి ముంగటనే చెప్పు. నీ సొంత నోటితోని చెప్పు."

ఆ రోజు ఆమె మైకులో మూడు పాటలు పాడింది. మూడోది తండా భాషలో పాడుతుంటే సభలో ఈలలు ఆగలేదు. కాబట్టి నా శిష్యుల సాక్షిగా, నాకొచ్చిన పదకొండు మేళకర్తల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: యంత్రంతో వచ్చిన కాగితాన్ని మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదువుతాను, నా చేతకానితనానికి ఇంకెన్నడూ శాస్త్రం పేరు పెట్టను.

ఆమె పాడటానికి ముందు నేను మైకు పట్టుకుని అన్నది ఇంతే:

"బుజ్జక్క గొంతుల ఏ దోషం లేదు. నాకు బటన్ నొక్కరాలే. రాలేదని చెప్పరాలే. ఇన్నేండ్లు నీ పాటను నేనే ఆపిన అక్కా. మాఫ్ చెయ్యి."