ఇంటి ముందు బస్సు కోసం టీ నగర్ దాకా

మా మావగారికి చెన్నై చూపించబోయి నేను చేసిన ఘనకార్యం చెబుతాను. ముందే హెచ్చరిస్తున్నాను: ఇందులో మనుషులెవరూ తప్పిపోలేదు, ఏ బస్సూ చెడిపోలేదు. చెడింది పరువొక్కటే. అదీ నాదే.

మావయ్యగారు తెనాలి వైపు ముప్పయ్యేళ్ళు బస్సు కండక్టరుగా చేశారు. ఊరందరికీ టికెట్లు కొట్టి, తాను మాత్రం సరదాగా ఒక్క ఊరూ చూడని మనిషి. రిటైరయ్యాక మూడు రోజులకని చెన్నై శివార్లలో, షోళింగనల్లూరులో ఉన్న మా ఇంటికి వచ్చారు.

"మహాబలిపురంలో సముద్రం ఒడ్డున గుడి ఉందంట గదా, అది చూడాలి" అన్నారు.

"కారు మాట్లాడండి" అంది మా ఆవిడ సుజాత.

"కండక్టరుగారికి కారా? మూడు రోజులూ బస్సుల్లో, రైళ్ళలోనే తిప్పుతాను" అన్నాను.

ఆ మాటకు మావయ్యగారి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అప్పటికప్పుడు తెనాలిలో తన డ్రైవరు స్నేహితుడికి ఫోన్ చేసి, "మా అల్లుడుగారు బస్సు విలువ తెలిసిన మనిషిరా!" అని చాటేశారు. ఇంకేముంది, డిపో పరువంతా నా నెత్తి మీదికి వచ్చింది.

మీ చెవిలో ఒక నిజం చెబుతాను. చెన్నైలో నాకప్పటికి మూడేళ్ళు. ఆ మూడేళ్ళూ ఆఫీసు క్యాబు గేటు లోపలికే వచ్చి ఎక్కించుకునేది. ఎక్కీ ఎక్కగానే నిద్రపోయేవాణ్ణి. మా ఇంటి ముందు రోడ్డును కళ్ళు తెరిచి చూసిన పాపాన పోలేదు. అయినా తగ్గానా? కూర్చుని ఎక్సెల్ షీటు తయారుచేశాను. మొదటి రోజు మైలాపూరు, మెరీనా. రెండో రోజు మహాబలిపురం. మూడో రోజు కంచి. బస్సులకు పచ్చరంగు, రైళ్ళకు నీలం, టిఫిన్లకు పసుపు. పెళ్ళి శుభలేఖక్కూడా అన్ని రంగులుండవు.

మొదటి రోజు నిమిషం తేడా రాలేదు. కొంప ముంచింది అదే.

రెండో రోజు పొద్దున ఏడింటికి మావయ్యగారూ నేనూ మా గేటు ముందు స్టాపులో నిలబడ్డాం. సుజాతకు ఆఫీసు పని ఉండి ఇంట్లోనే ఆగిపోయింది. మహాబలిపురం బస్సు ఊరి మధ్యనున్న టీ నగర్‌లో బయలుదేరుతుంది కాబట్టి, ముందు టీ నగర్ వెళ్ళాలన్నది నా ప్లాను. మన వైపు ఆచారం మీకు తెలియనిదా? బస్సు పుట్టిన చోటికే వెళ్ళి, కిటికీలోంచి తువ్వాలు విసిరినవాడిదే సీటు.

మావయ్యగారు రోడ్డు అవతలికి చూస్తూ, "అల్లుడుగారూ, ఆ ఎదర ఆగిన బస్సు..." అన్నారు.

"మావయ్యగారూ, ఈ మూడు రోజులూ మీరు ప్యాసింజరు. దారి సంగతి నాకొదిలెయ్యండి."

"అట్టాగే. డ్యూటీ మీది" అని ఊరుకున్నారు.

కిక్కిరిసిన సిటీ బస్సులో గంటన్నర నిలబడి టీ నగర్ చేరాం. మహాబలిపురం బస్సు రాగానే మావయ్యగారి భుజం మీది తువ్వాలు లాక్కుని, పరుగెత్తి, కిటికీలోంచి విసిరాను. ఏం గురి! అర్జునుడు చూస్తే విల్లు పక్కన పెట్టి తువ్వాలు పట్టేవాడు. తీరా పైకెక్కితే, కండక్టరు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని ఉన్నాడు.

మా మాటలు విని తెలుగులోకి దిగాడు. తాతల నాటి నుంచీ చెన్నైలోనే స్థిరపడిన తెలుగువాళ్ళట.

"ఎవురిది సార్ ఇది? ఈ పక్కంతా లేడీస్ సీట్లు. ఆ పక్క కూచోండి. ఏడ ఉండేది మీరు?"

"షోళింగనల్లూరు" అన్నాను, గొప్పగా.

"అయ్యో! ఈ బండి ఆడ నిలిచే గదా పోతుంది! ఆడనే ఎక్కుండొచ్చు గదా సార్? ఈడిదాకా ఎందుకొచ్చినారు?"

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టని సామెత. నేను గుమ్మంలో బస్సును పెట్టుకుని ఊరంతా దాటొచ్చాను.

"మెల్లగా అన్నా! ఆయన మా మావగారు" అని బతిమాలాను.

"సరి సరి సార్, చెప్పను పోండి" అన్నాడు ముసిముసిగా.

మావయ్యగారు అప్పటికే కిటికీ పక్కన సర్దుకుని కూర్చున్నారు. ఇక దారి పొడుగునా నా ప్రార్థన ఒక్కటే: షోళింగనల్లూరు వచ్చేలోపు ఆయనకు నిద్ర పట్టాలి. కదిలే బస్సులో మెలకువగా ఉండటానికే ముప్పయ్యేళ్ళు జీతం తీసుకున్న మనిషికి నిద్రెలా పడుతుంది? కిటికీలోంచి చూస్తూ స్టాపులన్నిటికీ హాజరు వేసుకుంటున్నారు.

ఇంతలో సుజాత ఫోను. "ఏవండీ, పులిహోర డబ్బా టేబుల్ మీదే వదిలేశారు!"

"పోనీలే సుజాతా, చాలా దూరం వచ్చేశాం..."

మావయ్యగారు చెయ్యి చాచి ఫోను అందుకున్నారు. "అమ్మాయ్, పావుగంటలో డబ్బా తీసుకుని మీ గేటుకి ఎదర స్టాపు కాడికి రా. ఆడికే వస్తన్నాం."

కండక్టరు ఫక్కున నవ్వాడు. నేను గభాలున ఆయన వైపు తిరిగాను. "మావయ్యగారూ... మీకు తెలుసా?"

"పొద్దున ఆ ఎదర బస్సుకున్న ఇంగ్లీషు బోర్డు చదివాను గదండీ. చెప్పబోతే నన్ను ప్యాసింజరన్నారు. డ్యూటీలో ఉన్న కండక్టరుకి ప్యాసింజరు దారి చెబితే ఎంత మండుద్దో నాకు తెలవదా?"

అలా ఇల్లు వదిలిన మూడు గంటలకు ఇంటి ముందుకు చేరాం. సుజాత కిటికీలోంచి డబ్బా అందిస్తూ, "ఇంటి నుంచి ఇంటిదాకా ప్రయాణం బాగా జరిగిందా అండీ?" అంది. తెలుగు రానివాళ్ళు కూడా నవ్వారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంటి ముందు ఓడి, రచ్చను బస్సులో వెంటబెట్టుకుని మహాబలిపురం వెళ్ళాను.

సముద్రం ఒడ్డున మావయ్యగారు గుడి చుట్టూ రెండుసార్లు తిరిగి చూశారు. తర్వాత ఫోను తీసి తెనాలి స్నేహితుడికి చేశారు. అయిపోయింది, డిపో అంతా నా కథే అనుకున్నాను.

"ఒరే సుబ్బారావూ, ముప్పయ్యేళ్ళు బస్సులో తిరిగినా కిటికీ పక్కన కూచుని సుఖంగా పోవటం ఇదే మొదటిసారి రా! మా అల్లుడుగారు బస్సు పుట్టిన చోటుకి తీసుకుపోయి, తువ్వాలేసి మరీ సీటు పట్టారు. ఇంటి ముందెక్కినోళ్ళంతా ఈడిదాకా నిలబడే వచ్చారు, చూశాను గదా!"

ఆ పూట నా ఛాతీ ఎన్నంగుళాలు పెరిగిందో కొలవడానికి తువ్వాలు చాలలేదు.

అయినా సముద్రం సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఇకపై మా రోడ్డుకు రెండు వైపులా చూడకుండా ఏ ఊరికీ బయలుదేరను. కండక్టరుగా పనిచేసిన మనిషి "ఆ బస్సు..." అని మొదలుపెడితే, వాక్యం పూర్తయ్యేదాకా నోరెత్తను. ఆ రంగురంగుల షీటు అక్కడికక్కడే మావయ్యగారి చేతిలో పెట్టేశాను.

కథలన్నీ కంచికి వెళతాయి, విన్నవాళ్ళు ఇంటికి వెళతారు. నా కథ మాత్రం ముందు ఇంటికొచ్చి, మర్నాడు కంచికి వెళ్ళింది. డ్యూటీ మావయ్యగారిది కాబట్టి, తిన్నగా వెళ్ళింది.