వద్దంటే వద్దని చెప్పిన దుబాసి

మనం ఒక భాషలో మాట్లాడితే ఫోనే ఇంకో భాషలో తిరిగి పలికే సదుపాయం ఆ రోజుల్లో ఇంకా రాలేదు. విజయవాడలో జపనీస్ వచ్చిన మనిషంటే అప్పట్లో ఒక వింత. హైదరాబాదులో హాస్టల్లో ఉండి ఆ భాష నేర్చుకుని, పరీక్ష పాసై, సర్టిఫికెట్టుకి ఫ్రేము కట్టించుకుని గుణదలలో మా ఇంటికి తిరిగొచ్చాను. మా వీధివాళ్లు ఎదురైనప్పుడల్లా ఏదీ ఒక ముక్క మాట్లాడమనేవారు. మాట్లాడితే నవ్వేవారు. ఉద్యోగం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఆ చదువు చదివే టైములో టైలరింగు నేర్చుకున్నా ఈపాటికి సగం ఊరికి జాకెట్లు కుట్టేదానివని మా అమ్మీ రోజూ ఒక పూటైనా గుర్తుచేసేది. (మూలన ఆమె కుట్టుమిషను, దానికి ఎదురుగా గోడ మీద నా సర్టిఫికెట్టు. రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉండేవి.) నాకు మాత్రం గర్వానికి లోటు లేదు. మా మేడమ్ క్లాసులో చెప్పిన ఒక సూత్రాన్ని పట్టుకుని తిరిగేదాన్ని. దుబాసి అద్దంలాంటిదట. ఎదురుగా ఉన్నది ఉన్నట్టు చూపించాలే తప్ప పౌడరు రాయకూడదట.

మా అబ్బాకి రైసుమిల్లుల స్పేరుపార్టుల కొట్టు ఉండేది. బెల్టులు, బేరింగులు, రబ్బరు రోలర్ల కోసం డెల్టా అంతటి నుంచీ మిల్లువాళ్లు వచ్చేవారు. వాళ్లలో పామర్రు బాబాయి గారు ఒకరు. రక్తసంబంధం ఏమీ లేదు. నేను పుట్టకముందు నుంచీ అబ్బా దగ్గరే రోలర్లు కొనేవారు కాబట్టి బాబాయి అయ్యారు. ఆయన మిల్లులో ఒకటే బాధ, బియ్యం పాలిష్ పట్టేటప్పుడు విరిగిపోయి నూక ఎక్కువ పడేది. జపాన్లో ఒక చిన్న ఊళ్లో ఒక పెద్దాయన తన సొంత షెడ్డులో పాలిష్ మెషిన్లు చేస్తాడనీ, వాటిలో గింజ విరగదనీ ఎవరో చెప్పారు. అక్కడ ఇంకో సంగతి కూడా ఉంది. ఆ పెద్దాయన అడిగినవాళ్లందరికీ మెషిను ఇవ్వడు. వచ్చినవాళ్లని ఒక సాయంత్రం తను రోజూ వెళ్లే పాత తిండికొట్టుకి తీసుకెళ్లి, పక్కన కూర్చోబెట్టుకుని తినిపించి, మనిషి నచ్చితేనే ఇస్తాడు. బాబాయి గారు ఇదంతా విని, నచ్చకపోవడానికి మనకేం తక్కువని మిల్లులో మెషినుకి సిమెంటు దిమ్మ కట్టించి, దానికి పసుపూ కుంకుమా పెట్టించి మరీ, దుబాసిగా నన్ను వెంటబెట్టుకుని జపాన్‌కి బయల్దేరారు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని పిన్నిగారు దారి పొడుగునా అంటూనే ఉన్నారు. (ఆడపిల్లని ఒక్కదాన్నే పంపనని అబ్బా పట్టుబట్టడంతో ఆవిడా మాతో వచ్చారు.) ఆయనకి దిమ్మ ఎంతో నాకు ఆ ప్రయాణం అంత. దిమ్మ ఖాళీగా మిగిలితే నేను అమ్మీ కుట్టుమిషను ముందు కూర్చోవాల్సిందే.

జపాన్లో దిగాక పెద్దాయన మమ్మల్ని తీసుకెళ్లిన ఆ తిండికొట్టు రైల్వేస్టేషను వెనక సందులో ఉంది. గుమ్మానికి నీలం గుడ్డ ఎంత కిందికి వేలాడుతోందంటే వంగితే తప్ప లోపలికి పోలేం. ఇదేదో మర్యాద కాబోలని బాబాయి గారు లోపలికి వెళ్లాక కూడా కాసేపు వంగే ఉన్నారు. పొగకి నల్లబడిన గోడలు, కూర్చుని కూర్చుని అరిగిపోయిన బల్లలు, ఎదురుగా బొగ్గుల పొయ్యి. దాని వెనక ఒక అవ్వ విసనకర్రతో నిప్పులు రాజేస్తోంది. అచ్చం మన కృష్ణ ఒడ్డున మొక్కజొన్న కండెలు కాల్చేవాళ్ల విసనకర్రే అని పిన్నిగారు సంబరపడ్డారు. పొయ్యి మీద పుల్లలకి గుచ్చిన కార్జం, కందనకాయలు, గుండెకాయలు చిటపటమంటున్నాయి. ఏ జంతువువో కనుక్కోమన్నారు బాబాయి గారు. నేను నా జపనీస్ అంతా కూడగట్టుకుని వినయంగా అడిగాను. అవ్వ విసనకర్ర పక్కన పెట్టి, మోచేతులు ఆడించి, కోడిలా కూసి చూపించింది. కొట్టంతా నవ్వింది. ఆ ఒక్క సంభాషణకీ దుబాసి అక్కర్లేకపోవడం నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది. మా పద్ధతిలో కోసిన మాంసం కాదు కాబట్టి నేను తినకూడదు. నాకు సోయాపాలతో చేసిన తెల్లటి పన్నీరులాంటి ముక్కా, పచ్చి క్యాబేజీ, బార్లీ టీ ఇచ్చారు. కార్జం కాలే వాసన మాత్రం నేరుగా మా ఇంట్లో బక్రీదు పొద్దున్నుంచి వచ్చినట్టు ఉంది. నమాజు నుంచి అబ్బా రాగానే అమ్మీ వేయించి పెట్టే మొదటి ముక్క కార్జమే. క్యాబేజీ నములుతూ పొగ పీల్చుకున్నాను.

తర్వాత సాకే వచ్చింది. అది బియ్యంతో చేసే సారా కాని సారా. చిన్న చెక్కడబ్బాలో గ్లాసు పెట్టి, గ్లాసు నిండాక కూడా అవ్వ ఆపకుండా పోస్తూనే ఉంది. పొర్లిపోతోంది, ఆపమని చెప్పమని పిన్నిగారు నన్ను మోచేత్తో పొడిచారు. పొర్లేదాకా పోయడమే వాళ్ల మర్యాదని నేను వివరించేసరికి బాబాయి గారి మొహం వెలిగింది. గృహప్రవేశానికి పాలు పొంగినట్టేననీ, మెషిను ఇక మనదేననీ తేల్చేశారు. అది బియ్యంతో చేసిందని తెలిశాక గ్లాసుని దీపానికి అడ్డంగా పెట్టి, మిల్లులో బియ్యపు శాంపులు చూసినట్టు చూశారు.

అసలు కథ అప్పుడు మొదలైంది. వేడివేడి కార్జం పుల్లల పళ్లెం రాగానే పెద్దాయన దాన్ని బాబాయి గారి వైపు జరిపాడు. పొద్దున్నుంచీ సరైన తిండి లేక బాబాయి గారి కళ్లు ఆ పళ్లెం మీదే ఉన్నాయి. అయినా గుండె మీద చెయ్యి పెట్టుకుని, "అబ్బే, నాకొద్దండీ. మీరు కానివ్వండి" అన్నారు. మా కృష్ణా జిల్లాలో ఈ మాటకి అర్థం తెలియని పసిపిల్లలు కూడా ఉండరు. పెట్టగానే పుచ్చుకునేవాడు కక్కుర్తి మనిషి. రెండోసారి కూడా వద్దనాలి, మూడోసారి బతిమాలాక మీ మాట కాదనలేకపోతున్నానన్నట్టు తీసుకోవాలి. నేనూ ఆ నీళ్లు తాగి పెరిగినదాన్నే. రంజాన్ నాడు పక్కింట్లో సేమ్యా పాయసం రెండో కప్పు కోసం ఎన్నిసార్లు వద్దన్నానో నాకే తెలియదు. కానీ ఆ సాయంత్రం నేను అద్దాన్ని. ఆయనకి వద్దట, మీరే తినమంటున్నారని చక్కగా, ఒక్క గౌరవవాచకం కూడా తప్పకుండా చెప్పాను. పెద్దాయన ఒక్క క్షణం ఆగి, పళ్లెం తన వైపు లాక్కుని తినడం మొదలుపెట్టాడు. బాబాయి గారి కళ్లు ఆ పళ్లెం వెంటే వెళ్లాయి.

కందనకాయలు వచ్చాయి. మళ్లీ అదే మర్యాద, మళ్లీ అదే అద్దం. గుండెకాయలు వచ్చేసరికి పెద్దాయన అడగడమే మానేశాడు. బాబాయి గారు ఖాళీ కడుపుతో సాకే ఒక్కటే చప్పరిస్తూ, మూడో పిలుపు ఇప్పుడొస్తుందా ఇంకాసేపటికొస్తుందా అని కూర్చున్నారు. అది రాలేదు. పెద్దాయన మాటలు తగ్గించి నిప్పుల వైపు చూడసాగాడు. ఈయనకి మనమీద కోపమేమైనా వచ్చిందేమో కనుక్కోమని బాబాయి గారు నెమ్మదిగా అన్నారు. అదే సమయానికి, ఈ కొట్టు ఆయనకి నచ్చలేదా అని పెద్దాయన నన్ను అడిగాడు. ఆ ప్రశ్న ఇటూ ఈ ప్రశ్న అటూ ఉన్నదున్నట్టు చేరవేశాను. ఇద్దరూ అదేం లేదన్నారు. అదీ చేరవేశాను. ఇద్దరి మొహాలూ ఇంకాస్త ముడుచుకున్నాయి. పామర్రులో పసుపు రాసుకున్న దిమ్మ నాకు కళ్లముందు కనపడింది. దాని పక్కనే కుట్టుమిషను కూడా.

పిన్నిగారు నా చెవి దగ్గరికి వంగి, "ఇందాకటి నుంచీ ఆయనతో ఏం చెప్తున్నావమ్మాయ్?" అన్నారు.

"బాబాయి గారు అన్నదే పిన్నిగారూ. వద్దంటున్నారని."

"ఓసి పిచ్చిపిల్లా. మా పెళ్లిచూపుల్లో మా నాన్న పిల్ల నచ్చిందా బాబూ అనడిగితే కూడా ఈయన 'అబ్బే, ఇప్పుడవన్నీ ఎందుకండీ' అన్నారు. మా నాన్న రెండోసారి అడగబట్టి నేనివాళ నీ పక్కన కూర్చున్నాను."

హైదరాబాదులో కష్టపడి సంపాదించిన సూత్రం పిన్నిగారి ఒక్క మాటకి కూలిపోయింది. అవ్వ కొత్త పళ్లెం పెట్టగానే బాబాయి గారు అలవాటు కొద్దీ వద్దండీ అన్నారు. నేను ధైర్యం చేసి పెద్దాయన వైపు తిరిగి, వాసనకి నోరూరుతోందట, మొహమాటపడుతున్నారు, మీరు కాస్త బలవంతం చేయాలని చెప్పాను.

పెద్దాయన నన్ను తేరిపార చూశాడు. తొడ మీద ఒక దెబ్బ చరుచుకున్నాడు. "మా అమ్మ నాకు నేర్పిందీ ఇదే. పెట్టగానే తీసుకోకూడదని. విదేశాల వాళ్లు మనసులో ఉన్నదే మాట్లాడతారు, బలవంతపెట్టొద్దని మావాళ్లు చెప్పి పంపితే ఇందాకటి నుంచీ చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఎంత కష్టంగా ఉందో తెలుసా?" అన్నాడు. దాన్ని తెలుగులో చెప్పేసరికి బాబాయి గారు బల్ల మీద జరిగి ఆయనకి దగ్గరగా కూర్చున్నారు. తర్వాత ఇద్దరూ కలిసి నావైపు చూశారు. ఒకే అలవాటున్న రెండు ఇళ్ల మధ్య గోడ ఎవరో వాళ్లకి అర్థమైంది. నాకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. మిగిలిన క్యాబేజీ వైపు తలదించుకున్నాను.

ఆ తర్వాత వాళ్లిద్దర్నీ ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఈయన పళ్లెంలో ఆయన వేస్తాడు, ఆయన గ్లాసులో ఈయన పోస్తారు. నాకు కొత్తగా తెలివి పుట్టింది కదా, బాబాయి గారు కడుపు పట్టుకుని నిజంగానే వద్దంటున్నా ఇంకొంచెం వేయమంటున్నారనే చెప్పాను. చివరికి ఆయన నా మీద నమ్మకం వదులుకుని, విస్తరి మీద పెట్టినట్టు రెండు చేతులూ పళ్లానికి అడ్డం పెట్టారు. అవ్వకి తెలుగు రాకపోయినా మన పెళ్లి వడ్డనలు వచ్చు కాబోలు. ఆ చేతుల మీదే ఇంకో కార్జం పుల్ల పెట్టి వెళ్లిపోయింది. సందులోకి వచ్చాక పిన్నిగారు దిమ్మ సంగతి బయటపెట్టారు. పెద్దాయన చాలాసేపు నవ్వి, దాని ఎత్తెంతని అడిగాడు. సరిపోకపోతే పగలగొట్టి మళ్లీ కట్టిస్తానన్నారు బాబాయి గారు. అక్కర్లేదు, మెషినునే దానికి తగ్గట్టు చేస్తానన్నాడు పెద్దాయన.

మెషిను వచ్చి బిగించిన రోజు పామర్రులో మాకందరికీ భోజనం. జపాన్లో ఈ పిల్ల క్యాబేజీ తిని లేచిందని గుర్తుపెట్టుకుని, మాకోసం మావాళ్ల కొట్టు నుంచే కోళ్లు తెప్పించారు బాబాయి గారు. కందనకాయల వేపుడు గిన్నె ఆయనే పట్టుకుని స్వయంగా వడ్డిస్తూ వచ్చి, "వేయమంటావా అమ్మాయ్?" అన్నారు. నేను పళ్లానికి చెయ్యి అడ్డం పెట్టి, "వద్దు బాబాయి గారూ, చాలు" అన్నాను.

ఆయన చాలా గంభీరంగా తల ఊపారు. నా పక్కనున్న అబ్బాతో, ఒక్క గౌరవవాచకం కూడా తప్పకుండా, "అమ్మాయి గారికి వద్దటండీ" అని చెప్పి గిన్నెతో ముందుకి సాగిపోయారు. పిన్నిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ గిన్నె బంతి చివరిదాకా వెళ్లి తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి అడుగున కరివేపాకు మిగిలింది. దాన్నే నా అన్నంలో వేసి, ఎంతో బతిమాలినట్టు మొహం పెట్టి, మూడోసారి అడిగాకే వేశానని లోకానికి చాటారు.

అవ్వ కొట్టు ఇప్పుడు లేదట. బాబాయి గారి మిల్లు వాళ్లబ్బాయి చూస్తున్నాడు, దిమ్మ మీద మెషిను మాత్రం అదే. ఫోన్లే తర్జుమా చేస్తున్నాయి కదా, నీ పని పోలేదా అని ఇప్పుడు చాలామంది అడుగుతారు. కొంత పోయింది. ఆ ఫోనుని చూసినప్పుడల్లా, ఫ్రేము కట్టిన సర్టిఫికెట్టుతో అద్దంలా కూర్చున్న ఆ పిల్ల గుర్తొచ్చి జాలేస్తుంది, ముద్దూ వస్తుంది. ఆ పిల్లకి పక్కన కూర్చుని చెవిలో చెప్పడానికి పిన్నిగారైనా ఉన్నారు, ఈ ఫోనుకి ఎవరున్నారు? నేను మాత్రం ఇంత తెలిసీ మారలేదు. ఈనాటికీ ఎవరింట్లో పెట్టినా వద్దండీ అనే అంటాను, ఒక కన్ను గిన్నె ఎటు వెళ్తోందో చూస్తూ.