అమ్మోరు చెబితేనే విన్నారు

మా చిన్నప్పుడు... ఆళ్లగడ్డ మిద్దెల్లో ఎండాకాలం మనుషులు ఉడికిపోయేవాళ్లు. అట్లాంటి ఒక మధ్యాహ్నం, నెలల పిల్లోడైన మా తమ్ముడి వీపంతా ఆవాలు చల్లినట్టు ఎర్రగా పేలింది.

మా నాయన తల్లి, మా జేజి, చూసీ చూడగానే తేల్చేసింది... "అమ్మోరు పోసింది!" అంతే. తలుపులు మూశారు, దుప్పటి కప్పారు. అమ్మోరు పోస్తే ఒంటికి నీళ్లు తగలకూడదని స్నానం కూడా బందు.

"చెమటకాయలు అత్తా... గాలి తగిలితే పోతాయి" అనింది మా అమ్మ.

"నిన్నగాక మొన్న వచ్చినావ్, నాకు చెప్తాండావా?"

మా అమ్మ కాపురానికొచ్చి అప్పటికి పదేళ్లు. మా ఇంట్లో కోడళ్లకు కాలం మెల్లగా నడిచేది.

సాయంత్రానికి పిల్లోడి ఒళ్లు పెనంలా ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. నాయన చుట్ట కాలుస్తా "మా అమ్మ చెప్పినట్టు విను" అన్నాడు.

అప్పుడు మా అమ్మ జుట్టు విరబోసుకుంది... ఊగడం మొదలుపెట్టింది.

"ఊపిరాడ్డంలేదే నాకు! ఏందే ఈ దుప్పట్లు? తలుపులు తియ్యండి! పిల్లోనికి నీళ్లు పొయ్యండి!"

జేజి ఆమె కాళ్ల మీద పడింది. "తప్పైపోయింది తల్లీ!" నాయన చుట్ట పారేసి తలుపు దగ్గరికి పరిగెత్తాడు. మా అమ్మ మాటకు ఆయన పరిగెత్తడం నేను చూసింది అదే మొదటిసారి.

పిల్లోడికి నీళ్లు పోసి, తడి ఒత్తి, పల్చటి గుడ్డ మీద గాలికి పడుకోబెట్టారు. రెండు మూడు రోజులకు వీపు నెమ్మదించింది. జేజి అమ్మోరికి చీర పెట్టింది. మా అమ్మకు మాత్రం మళ్లీ "ఏందే" పిలుపే.

"నిజంగా అమ్మోరు వచ్చిందా మా?" అని మా అమ్మను చాటుగా అడిగాను.

"నేనే లేవే. ఎవరికీ చెప్పాకు... మళ్లా అవసరం పడతాది."

పడింది కూడా, చాలాసార్లు. తమ్ముడు ఇప్పటికీ అమ్మోరికే మొక్కుతాడు.

మొన్న నంద్యాలలో మనవరాలి బిడ్డకు చెమటకాయలు పేలితే, మెడ మడతల్లో పౌడరు దట్టిస్తాండారు. "పౌడరొద్దు, నూనెలొద్దు. చల్లగా తుడిచి, వదులు నూలు చొక్కా వెయ్యి. జ్వరమొచ్చినా, చీము పట్టినా డాక్టరు దగ్గరికి పో" అన్నాను.

"నీకు తెల్దులే అవ్వా" అని మనవరాలు ఫోన్ తీసింది. అందులో ఎవరో డాక్టరు అదే మాట చెప్తే, "ఎంత బాగా చెప్పినాడో!" అని పౌడరు డబ్బా మూసింది.

పోనీలే, బిడ్డ నిద్రపోయింది...

కాలం మారిందంటారు. మా అమ్మ తన మామూలు గొంతుతో చెప్పిన మాట ఒక్కటైనా ఎవరైనా విన్నట్టు నాకైతే జ్ఞాపకం లేదు. మీ ఇండ్లల్లో విన్నారా? విని ఉంటే రాయండి... చదువుకుంటాను.