ఫారిన్ కారు, మన కారు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో రెండు కార్లు ఉండేవి. రెండూ ఒకే కుటుంబానివి. కోస్తా నుంచి వచ్చి అడవి అంచున మిర్చి తోటలు వేసిన అన్నదమ్ములవి. మా తాతయ్య, మా నాన్న ఆ తోటల్లోనే పనిచేసేవారు. అన్న కారు పట్నంలో కొన్న ఫారిన్‌ది. తమ్ముడిది మన దేశంలో తయారైంది. మా ఊరికి అప్పట్లో బస్సు లేదు. భద్రాచలం పోవాలంటే అడవిలోంచి రాళ్ళబాట, మధ్యలో ఒక వాగు.

ఆదివారం పొద్దున ఆ ఇద్దరూ కార్లను కళ్ళం దగ్గరికి తెచ్చి, ఏది గట్టిదని వాదించుకునేవారు. అన్న తన కారు తలుపు మూసి చూపించేవాడు. ఇనప్పెట్టె మూసినట్టు ఒకే ఒక్క బరువైన చప్పుడు. తమ్ముడి కారు తలుపు రెండుసార్లు వేస్తేగాని పడేది కాదు. "చప్పుడుదేముంది అన్నయ్యా, మన గుంటల్లో నడవాలిగా. దీని రేకు చూడు" అని పిల్లలందరినీ కారు ముందు భాగం మీద ఎక్కించి ఎగరమనేవాడు. సొట్ట పడకపోతే మాకు తలా ఒక బెల్లం ముక్క. ఎంత సంబరపడేవాళ్ళమో చెప్పలేను. తన బండికి ఎదురులేదని ఇద్దరూ అనేవారు. ఆ మాట నేను పూర్తిగా నమ్మాను.

ఆ ఏడు ముసురు రోజుల్లో మా అమ్మకు నెలలు నిండాయి. తెల్లారుతూనే నొప్పులు మొదలయ్యాయి. పొద్దెక్కేసరికి మంత్రసాని బయటికి వచ్చి, "బిడ్డ అడ్డం తిరిగింది. జల్దీ దవాఖానాకు తీస్కపోండ్రి" అంది. నాన్న అమ్మను వదిలి కదల్లేకపోయాడు. తాతయ్య నా చెయ్యి పట్టుకుని ఫారిన్ కారున్న అన్న ఇంటికి పరుగెత్తాడు.

ఆయన వసారాలో కూర్చుని అంతా విన్నాడు. పాపం అని కూడా అన్నాడు. "నాకు పంపాలనే ఉందయ్యా. కానీ ఆ రాళ్ళకు దాని అడుగు చీలిపోద్ది. దానికి విడి సామాను ఓడలో రావాలి. తమ్ముణ్ణి అడుగు, వాడి బండి మన దారుల కోసమే చేశారు."

తమ్ముడు తన కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. "వాగులో నీళ్ళుంటాయి. ఇది మధ్యలో నిలిచిపోయిందంటే మా అన్నయ్య జన్మంతా నవ్వుతాడు. ఆయన్నే అడగండి, ఆయనదానికి ఇంజను పెద్దది" అన్నాడు.

తాతయ్య మళ్ళీ మొదటి ఇంటికే పోయాడు. ఆయన ఒకరి కాళ్ళు పట్టుకోవడం నేను చూసింది ఆ రోజే. "నా కోడలు సచ్చిపోతదయ్యా. గీ ఒక్కపారి బండి తియ్యుండ్రి" అన్నాడు. అన్న కాళ్ళు వెనక్కి తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

చివరికి ఎద్దుల బండి కట్టారు. వాగులో నీళ్ళు ఎద్దుల మోకాళ్ళ దాకా కూడా లేవని నాన్న తర్వాత చెప్పాడు. భద్రాచలానికి ఇవతలున్న సారపాక చేరకముందే అమ్మ పోయింది. కడుపులోని బిడ్డ కూడా పోయింది.

దినాలు అయిపోయాక ఒక ఆదివారం నేనూ తాతయ్యా కళ్ళం పక్కగా వెళుతున్నాం. అన్నదమ్ములు కార్లతో అక్కడే ఉన్నారు. మమ్మల్ని చూసి కాసేపు ఎటో చూశారు. ఆ ఇబ్బంది పోగొట్టుకోవడానికేనేమో, అన్న పిలిచాడు. "పెద్దవాడివి, నువ్వు చెప్పు. రెండిట్లో ఏది గట్టిది?"

తాతయ్య రెండు కార్ల చుట్టూ మెల్లగా తిరిగాడు. రేకు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. నిజంగానే తీర్పు చెప్పబోతున్నాడనుకున్నాను.

"రెండూ గట్టియే అయ్యా. మా ఇంట్ల రెండు పానాలు పోయినయ్. వీటికి సన్న గీత గూడ పడలే."

తాతయ్య జవాబు కోసం ఆగలేదు. మర్నాటి నుంచి ఆ తోటకు పోవడం మానేసి, నాన్నతో కలిసి వెదురు కొట్టే పనికి అడవిలోకి వెళ్ళాడు. ఆ వయసులో ఆ పని ఆయన నడుము విరిచేసింది. ఆ మాటకు అన్నదమ్ములు మారారని చెప్పగలిగితే బాగుండేది. వాళ్ళు వాదన ఆపలేదు. మా గుడిసెలకు వినపడకుండా ఇంకో కళ్ళం చూసుకున్నారు.

పెళ్ళయి నేను పాల్వంచ వచ్చాను. ఇప్పుడు మా మనవడు కారు కొనాలని ఫోనులో వీడియోలు చూస్తూ, "నాయనమ్మా, ఫారిన్‌ది తీసుకోనా, మనదే తీసుకోనా?" అని అడుగుతుంటాడు. ఏదైనా మంచిదేరా అంటాను.

నా ప్రతి కాన్పుకూ నెల ముందే దవాఖానా పక్కన గది కిరాయికి తీసుకుని ఉన్నాను. కోడళ్ళనూ అలాగే ఉంచాను. అందరూ నవ్వారు. "గింత భయమేందమ్మా, మా బండ్లు లేవా? ఒక్క కేకేస్తే రామా?" అని ఇరుగుపొరుగు ఇప్పటికీ అంటారు. మంచివాళ్ళే. పిలిస్తే వస్తారేమో. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా పిలిచి చూసే ధైర్యం నాకు రాలేదు.