పీకుడు మేడమ్ గారి బోరాన్ పిచ్చి

చిక్కుడు, బఠాణీ, వేరుశనగ. ఈ కుటుంబంలో పుట్టిన మొక్క ఏదైనా సరే, మా మేడమ్ కంటపడిందంటే నేలలో నిలిచేది కాదు. ఆవిడ దాన్ని పీకేది. మట్టి దులిపేది. వేళ్ళకు ఆవగింజల్లా పట్టుకున్న బుడిపెల్లో ఒకదాన్ని బొటనవేలి గోటితో చీల్చి లోపలి రంగు చూసేది. తర్వాత మొక్కను మళ్ళీ గుంటలో పెట్టి, మట్టి కప్పి, "సారీ తల్లీ" అనేది. ఆ సారీ మొక్కకే. మొక్కను పెంచిన వాళ్ళకు చెప్పగా నేనెప్పుడూ వినలేదు.

పంటల పరిశోధన కేంద్రంలో ఆవిడా నేనూ ఒకే గదిలో కూర్చునేవాళ్ళం. నా టేబులు నిండా కాగితాలు, ఆవిడ టేబులు నిండా మట్టి. ఫ్యాను వేస్తే రెండూ ఒకటయ్యేవి. వెనకాల అందరూ ఆవిడను 'పీకుడు మేడమ్' అనేవారు. ఆవిడకీ తెలుసు. "ఈ కేంద్రంలో ఏదో ఒకటి పీకుతున్నది నేనొక్కదాన్నేగా!" అని నవ్వేది. ఈ రోజుకీ ఎక్కడైనా చిక్కుడు తీగ నిశ్చింతగా పాకుతూ కనిపిస్తే, ఆవిడ ఈ దారిన రాలేదు కాబోలు అనుకుంటాను.

బుడిపె లోపల గులాబీ రంగుంటే, అంటే అది బాగా పనిచేస్తుంటే, ఆవిడ ముఖం కూడా గులాబీ అయ్యేది. తెల్లగా ఉంటే మాత్రం వీధి అదిరేలా "బోరాన్!" అని అరిచేది.

"అన్నింటికీ బోరానేనా మేడమ్?" అన్నాను ఒకసారి.

"చూడవయ్యా, ఈ వేరు ఒక ఇల్లు. మట్టిలో ఉండే బ్యాక్టీరియా చుట్టాలు. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు వండిపెట్టే చుట్టాలన్నమాట. వాళ్ళ కోసం వేరు గదులు కడుతుంది. ఈ బుడిపెలు అవే. బోరాన్ అందలేదనుకో, గోడలు కుదురుగా లేవవు. వచ్చిన చుట్టాలు గుమ్మంలోనే ఇరుక్కుపోతారు. మొక్క పస్తులుంటుంది."

"ఎంత కావాలేంటి?"

"చిటికెడు కూడా అక్కర్లేదు. ఎక్కువైతే మళ్ళీ మొక్కే చస్తుంది. మా ఆయనతో నేను మాట్లాడే మాటల్లాగా."

ఓసారి డైరెక్టర్ గారు అందరినీ ఇంటికి టీకి పిలిచారు. వాళ్ళావిడ పెరట్లో కొత్తగా బఠాణీ మడి వేసింది. ఆ మాట వినగానే నేను వెళ్ళి మేడమ్ పక్కన కుర్చీ వేసుకున్నాను. టీ తాగి కప్పు కింద పెట్టి తలెత్తేసరికి పక్క కుర్చీ ఖాళీ.

"అయ్యో, నా మొక్క!" అని పెరట్లోంచి కేక.

"ఒక్కటేనండీ, ఇప్పుడే పెట్టేస్తాను," అంటోంది మేడమ్ మోకాళ్ళ మీద కూర్చుని. "మీ బుడిపెలు బ్రహ్మాండంగా ఉన్నాయి!"

ఆ మెచ్చుకోలు ఎలా పుచ్చుకోవాలో తెలియక ఆ ఇల్లాలు తెల్లబోయింది. డైరెక్టర్ గారు మాత్రం ఇంకో టీ కావాలా అని మమ్మల్ని అడగలేదు, పొయ్యలేదు.

మేడమ్ భర్త పళ్ళ డాక్టరు. "మా ఇంట్లో ఇద్దరం పీకేవాళ్ళమే," అనేవాడాయన. "తేడా ఏంటంటే, నేను పీకేముందు మత్తిస్తాను."

ఇలా నవ్వుకుంటూ ఉండగా మా కేంద్రం మొత్తాన్నీ మండించిన సంగతి ఒకటి జరిగింది.

మా దగ్గర ఒక పరిశోధక విద్యార్థిని ఉండేది. నెమ్మదస్తురాలు. గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడేది. అంతకుముందు పంటకాలంలో మొక్కలకు తెగులు పట్టి ఆమె పనంతా పోయింది. "ఇంకో పొరపాటు జరిగితే సీటు ఉండదు," అని ఆమె పరిశోధనను పర్యవేక్షించే కమిటీ అధ్యక్షుడు అందరి ముందూ హెచ్చరించాడు. ఈసారి ఆమె మేడమ్ చెప్పే బోరాన్ సంగతే తీసుకుంది. ల్యాబులోని గాజు జాడీల్లో ఇసుక నింపి బఠాణీ నాటింది. సగం జాడీలకు బోరాన్ కలిపిన నీళ్ళు, సగానికి బోరాన్ లేని నీళ్ళు. మొక్కల్ని చంటిపిల్లల్లా సాకింది. కమిటీ సమావేశం దగ్గరపడింది.

సమావేశానికి ముందు రోజు పొద్దున ఆ అమ్మాయి మొక్కల షెడ్డు తలుపు తీసి కెవ్వుమంది. నేను పరిగెత్తాను. జాడీల్లో ఒక్క మొక్క లేదు. అన్నీ బెంచీ మీద వేళ్ళు పైకి పెట్టి పడున్నాయి. మధ్యలో మేడమ్, చేతుల నిండా తడి ఇసుకతో.

"ఒకటి చూద్దామనుకున్నాను," అంది. "చెయ్యి ఆగలేదు."

ఆ అమ్మాయి ఒక మొక్కను తీసి మళ్ళీ జాడీలో గుచ్చబోయింది. డైరెక్టర్ గారు వచ్చి అరిచారు. మేడమ్ తల వంచుకుని వింది. మర్నాడు కమిటీలో లేచి, "తప్పు నాది. పిల్లకు ఇంకో పంటకాలం గడువివ్వండి. నన్ను షెడ్డు ఛాయలకు రానివ్వకండి," అంది. అధ్యక్షుడు పళ్ళు కొరికాడు గానీ, పిచ్చి మేడమ్ చేసిన దానికి పిల్లనేమంటాడు? గడువిచ్చాడు. షెడ్డుకు తాళం వేయించి కాపలా పెట్టాడు.

"ఎందుకిలా చేశారో అడిగి తీరతాను సార్," అంది ఆ అమ్మాయి సాయంత్రం. తోడుగా నేనూ మేడమ్ ఇంటికి వెళ్ళాను.

తలుపు తీసిన డాక్టరు గారు మా ముందు తన గోడు వెళ్ళబోసుకున్నాడు. "నా క్లినిక్కులో పుక్కిలించే ప్లాస్టిక్ మగ్గులన్నీ ఎత్తుకొచ్చిందండీ! పాపం, పేషెంట్లు దోసిళ్ళు పడుతున్నారు."

వరండాలో మగ్గులు వరసగా ఉన్నాయి. ప్రతి మగ్గులో ఇసుక. కొన్నింట్లో అప్పుడే బఠాణీ మొలక తల ఎత్తుతోంది.

"ఇవి నీవే," అంది మేడమ్. "పోయిన వారం నీ మొక్క ఒకటి పీకి చూశాను. బోరాన్ లేని జాడీలోది. బుడిపె గులాబీగా ఉంది! ఇన్నేళ్ళూ నేను చెప్పిందంతా తప్పేమో అనుకున్నాను. తర్వాత జాడీని చూశాను. అమ్మాయ్, ల్యాబు గాజు వేడికి పగలకుండా దాంట్లో ఏం కలుపుతారు?"

ఆ అమ్మాయి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "బోరాన్."

"అది కొంచెం కొంచెం నీళ్ళలోకి దిగింది. మొక్కకు కావలసిందీ ఆ కొంచెమే. ప్లాస్టిక్‌లో అది ఉండదు, అందుకే ఈ మగ్గులు."

"మరి చెప్పొచ్చుగా మేడమ్? అన్నీ పీకేశారేం?"

"చెబితే నువ్వు కమిటీకి చెప్పాలి. దాస్తే అబద్ధం, చెబితే నీ పొరపాటు, నీ సీటు పోతుంది. నేను పీకితే అది నా పిచ్చి. నాకు కొత్తగా పోయే పరువేముంది?"

ఆ అమ్మాయి ఆవిడ చేతులు పట్టుకుంది, ఇసుకతో సహా. "అయితే నా మగ్గులు ఇక తిరిగిరావన్నమాట," అన్నాడు డాక్టరు గారు, కళ్ళజోడు తుడుచుకుంటూ.

మగ్గులు షెడ్డుకు చేరాయి, మొక్కలు ఎదిగాయి. ఫలితం చూసే రోజున ఆ అమ్మాయే షెడ్డు తాళం తీసి, కాపలా మనిషి వద్దంటున్నా వినకుండా మేడమ్‌ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. "మొదటిది మీరే పీకాలి," అంది.

"వద్దు తల్లీ. నీ మొక్క, నువ్వే పీకు."

ఆ అమ్మాయి పీకింది. బోరాన్ లేని వేళ్ళ మీద బుడిపెలు నూకల్లా చిన్నవి. గోటితో చీల్చింది. పాలిపోయిన తెలుపు. ఎవరూ చెప్పకుండానే ఆ నెమ్మదస్తురాలు షెడ్డు అదిరేలా "బోరాన్!" అని అరిచింది.

మేడమ్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. నేను ఆవిడ వెనకే ఉన్నాను కనుక చూశాను. పదివేళ్ళూ ఒకదాన్నొకటి పట్టుకుని గిలగిల్లాడుతున్నాయి. అయినా ఆవిడ చెయ్యి ముందుకు చాపలేదు. బఠాణీ మొక్కల మధ్య ఆవిడ ఉత్త చేతులతో నిలబడటం నేను చూసింది ఆ ఒక్కసారే.