కూనూరు మొక్కకు సూర్యాపేట సున్నం

1949 ఆషాఢం, సూర్యాపేట. ఉన్నవారు: గ్రేస్ టీచరమ్మ, ఆమె అద్దెకున్న ఇంటి యజమానురాలు బుచ్చమ్మగారు, నేను.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. అప్పుడు నేను మిర్యాలగూడలో వ్యవసాయ శాఖ డిమాన్‌స్ట్రేటర్‌ని. రైతులకు వరి తెగుళ్లు చూపించి మందు చెప్పడం నా పని. పూలమొక్క కోసం నన్ను పిలిచింది ఆ ఒక్కసారే.

టీచరమ్మ పుట్టింది ఎప్పుడూ వానలు పడే చల్లటి కూనూరు కొండల్లో. తల్లి పోయాక గుమ్మం పక్కనున్న అజేలియా పూలమొక్కను కుండీలో పెట్టుకుని తెచ్చుకున్నారు. అక్కడ ఆకు కనపడనంతగా గులాబీ రంగు పూలు పూసేదట. ఇక్కడికొచ్చాక ఒక్క మొగ్గ కూడా వేయలేదు.

"ఇల్లు అమ్మేశారు. అమ్మది ఇదొక్కటే మిగిలిందండీ," అన్నారు.

ఆకులు పసుపెక్కాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. దీన్ని క్లోరోసిస్ అంటాం. మట్టిలో సున్నం ఎక్కువైతే ఈ జాతి మొక్క ఇనుమును పీల్చుకోలేదు. ఆకు తిప్పితే నల్లటి చుక్కలు, వలలాంటి రెక్కలున్న చిన్న పురుగులు. వాటికి పొగాకు కషాయంలో సబ్బు కలిపి చల్లితే చాలు. అసలు జబ్బు సున్నానిదే.

"మీ బావి నీళ్లలో సబ్బు నురుగొస్తుందా?" అని అడిగాను. సున్నమున్న నీళ్లలో నురుగు రాదు.

"యాడిది సారూ! సబ్బంత ఖతమైతది గని నురుగు రాదు," బుచ్చమ్మగారు నవ్వారు. "మా చింతచెట్టుకు గిన్ని నఖరాలు లెవ్వు."

కుండీ తెల్లగా మెరుస్తోంది, పైన ఎర్రటి జాజు గీతలు. ఎవరు వేశారని అడిగాను.

"నేనే. పండుగ పండుగకు మా గోడలతోటి పాటు దీనికీ సున్నమేస్త. చీమలు రాకుండ మొదట్ల గూడ ఇంత పోస్త. తల్లి లేని పిల్ల మొక్క గద సారూ."

చెప్పక తప్పలేదు. ఆమె నవ్వు ఆగిపోయింది. "అయ్యో బిడ్డా, నా చేతులతోటి నేనే సంపుతున్ననా?"

టీచరమ్మ ఆమె చేయి పట్టుకున్నారు. "ఈ ఊళ్లో దీన్ని మీరు కాక ఇంకెవరు చూశారమ్మా?"

కుండీ, మట్టి మార్చి ఆకు ఎరువులో నాటించాను. అన్నభేది అనే ఇనుప లవణాన్ని చిటికెడు కరిగించి పోయమన్నాను, అదీ వాన నీళ్లలోనే. బావి నీళ్లు ఇక తగలకూడదు.

"వానేదీ?" అన్నారు టీచరమ్మ. మబ్బులు రోజూ వచ్చి పోతున్నాయి. వేర్లు సగం నల్లబడ్డాయి కనుక, బతుకుతుందని నేను మాట ఇవ్వలేదు.

తర్వాత నాకు కోదాడ బదిలీ అయింది. అది పూసిందని విన్నానే గానీ చూడలేదు. ఆ గులాబీ రంగు ఎలా ఉండేదోనని ఈ వయసులో కూడా ఊహించుకుంటుంటాను. నేను చూసిందల్లా మొక్కను మార్చి నాటిన మర్నాటి పొద్దునే.

ఆ రాత్రి వాన పడింది. బస్సెక్కే ముందు అటు వెళ్లాను. వాకిట్లో గంగాళం, బిందెలు, చెంబులు, చివరికి బియ్యం కడిగే గిన్నె కూడా ఆరుబయట నిండుగా ఉన్నాయి. వాటి మధ్య బుచ్చమ్మగారు తడిసిన చీరతో నిలబడి లోపలికి కేకేస్తున్నారు:

"లే బిడ్డా! మీ కూనూరు నీళ్లొచ్చినయ్!"