అరవయ్యో స్థానం

చక్కెర మిల్లులో ఫిట్టరుగా రిటైరైన మా బండబర్గ్ ఊరి మెర్విన్, ముసలితనంలో వెబ్‌సైటు పని నేర్చుకున్నాడు. పోట్లాడి ఇల్లు వదిలిపోయిన కూతురు టామ్సిన్ ఎప్పుడైనా నెట్‌లో తన పేరు వెతుక్కుంటే, అన్నిటికన్నా ముందు నాన్న మాటే కనపడాలని పంతం. "తప్పు నాదే. తాళంచెవి పూలకుండీ కిందే ఉంది, వచ్చెయ్" అని ఆమె పేరుతో ఒక పేజీ పెట్టి రాశాడు.

రోజూ పొద్దున టీ తాగుతూ ఆమె పేరు వెతికి, తన పేజీ నొక్కేవాడు. ఆర్నెల్లకు అది వెతికితే వచ్చే జాబితాలో మొదటి స్థానానికెక్కింది. రెండేళ్ళు గడిచినా కూతురు రాలేదు.

"చూసి కూడా రాలేదంటే ఎంత పొగరు!" అంటూ పోయిన శీతాకాలం తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

మొన్న లైబ్రరీ కంప్యూటర్‌లో వెతికితే, ఆ పేజీ అరవయ్యో స్థానంలో తేలింది.

"నీ కంప్యూటర్‌కేం రోగం, నోరీన్?" అని లైబ్రేరియన్ మీద విరుచుకుపడ్డాడు.

"రోగం దానికి కాదు, మెర్వ్. ఇంట్లో రోజూ నువ్వే నొక్కుతుంటే, నీకిష్టమనుకుని నెట్ నీకు మాత్రం ముందు చూపిస్తుంది. మిగతా లోకానికి ఇదిగో, ఇక్కడే ఉంటుంది. ఇంత కిందికి ఎవరొస్తారు?"

మెర్విన్ జేబులోని తాళంచెవి తడుముకున్నాడు.

"అయితే నా పిల్లది పొగరు కాదు, నోరీన్. దానికసలు తెలీదు."

ఇంటికెళ్ళి తాళంచెవి మళ్ళీ కుండీ కింద పెట్టి, మట్టి చేతులతో మెట్ల మీదే కూలబడిపోయాడు.